కఫీల్ దగ్గరి పాస్‌పోర్టు

కరోనా తగ్గిన మరుసటి ఏడాది అది. కరీంనగర్ కోర్టు ఆవరణలో లీగల్ ఎయిడ్, అంటే ఫీజు లేకుండా న్యాయ సహాయం చేసే చోట, నేను వకీలుగా కూర్చునేదాన్ని. చొప్పదండి నుంచి లావణ్య వచ్చింది. ఆమె భర్త మల్లేశానికి గల్ఫ్‌లో కట్టడం పనిలో నడుముకు దెబ్బ తగిలింది. ఇంటికి పోతానంటే యజమాని పాస్‌పోర్టు ఇవ్వడం లేదట.

"కఫీల్‌కు దండం పెట్టి దరఖాస్తు రాసియ్యుండ్రి మేడం. జర దయ తలిచి పంపుమని."

"పాస్‌పోర్టు ఆయన దగ్గర ఎందుకున్నది?"

"కఫీల్ దగ్గర్నే ఉంటది గద! మా ఊరోళ్లందరియి గట్లనే."

కఫీల్ అంటే వీసా ఇప్పించిన అక్కడి యజమాని. నాకు ఒళ్లు మండిపోయింది, ఆమె మీద కాదు. ఇల్లిల్లూ గల్ఫ్‌కు పోయే మా జిల్లాలో ఈ తప్పు ఆనవాయితీ అయి కూర్చుంది!

దరఖాస్తు మానేసి మల్లేశానికే ఫోన్ కలిపించాను. రెండో ప్రపంచ యుద్ధంలో మనుషుల్ని ఎలా చంపారో, ఆ ఘోరం చూశాక దేశాలు కూర్చుని 1948లో మానవ హక్కుల ప్రకటన ఎందుకు రాసుకున్నాయో గడగడా చెప్పేశాను. ఏ మనిషైనా తన దేశానికి తిరిగి రావచ్చని అందులోనే ఉంది.

"మా బాపు పుట్టకముందే రాసిన్రా మేడం?"

"అవును మల్లేశం! బలవంతపు చాకిరీ వద్దని కన్వెన్షన్, అంటే దేశాల ఒప్పందం, సుత ఉన్నది. నువ్వున్న దేశం ఒప్పుకున్నది. పాస్‌పోర్టు గుంజుకోవద్దని వాళ్ల చట్టమే చెప్తున్నది."

"అంటే... నేను బతిమాలుడు కాదు?"

"కానే కాదు. నీ హక్కని అడుగు!"

అబ్బ, ఆ ప్రశ్న విన్నాక నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మన ఎంబసీకీ అక్కడి కార్మిక శాఖకూ ఫిర్యాదులు పంపాం. మల్లేశం తన గదిలో ఉండేవాళ్లను వెంటబెట్టుకుని ఎంబసీకి వెళ్లాడు. కొన్నాళ్లకు లావణ్య రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"ఇచ్చిండ్రు మేడం! గదిల అందరియి ఇచ్చిండ్రు!"

ఆమెను పట్టుకుని గంతులేశాను. పక్క గది క్లర్కు ఏమైందోనని తొంగి చూశాడు.

దేశాలు సంతకాలు పెడితే చాలదు, ఆ హక్కు తనదని మనిషికి తెలియాలి. మల్లేశం తిరిగొచ్చి నన్ను కలిసిన రోజున అది కళ్లారా చూశాను. ఫైలు ముగించాలి కదా, "పాస్‌పోర్టు ఇటియ్యి, జిరాక్స్ తీయిస్త" అన్నాను.

"ఏమనుకోకుండ్రి మేడం, జిరాక్స్ నేనే తీయించుకొస్త" అంటూ జేబు మీద చెయ్యి వేసుకున్నాడు.

వకీలునైన నాకే ఇవ్వలేదు! ఎంత సంతోషమేసిందో.