డాలర్లను రూపాయలు చేసిన పిన్ని

పిన్ని పోయిందన్న కబురు నేను కిరండూల్ ఇనుప గనుల కొండ మీద డ్యూటీలో ఉండగా తెలిసింది. ఫోను చేసినవాడు నాతోపాటు ఆఫ్రికా రాగి గనుల్లో పనిచేసి వచ్చినవాడే. "ఎదురింటి పిన్ని పోయిందిరా" అన్నాడు. నేను తేరుకోకముందే, "మరి ఈ ఏడు మన రిటర్నులు ఎవులు నింపుతార్రా?" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి ఫోను పెట్టేశాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఆ కోపం చల్లారలేదు.

పిన్ని మాకు చుట్టమేం కాదు. బాబాయి గనిలో పోయాక కంపెనీ అకౌంట్స్‌లో ఉద్యోగమిస్తే చేరి, అక్కడే రిటైరైంది. పైదేశాలకు పోయొచ్చిన మా గనివాళ్ళ డాలర్లను రూపాయల్లోకి మార్చి, పన్ను రిటర్నులు నింపేది. పైసా తీసుకోదు. "డాలరు వొట్టి కాయితంరా. ఏ రోజు రేటో సెప్తేనే అది డబ్బు" అనేది. ప్రతి నెలా ఆఖరి రోజున బ్యాంకు డాలరు కొన్న రేటు కనుక్కుని గోడ కేలెండర్లో ఆ తేదీ గడిలో రాసుకునేది. అందరూ పాల లెక్క రాసుకునే చోట పిన్ని డాలరు రాసుకుంటుందని మా ఆవిడ నవ్వేది.

మా గనుల్లో ఒక పాడలవాటుంది. కటింగులన్నీ పోయి ఇంటికి చేరిందే జీతమంటాం. నేను తిరిగొచ్చిన ఏడాది సగానికి పైగా ఇక్కడే ఉన్నాను కాబట్టి అక్కడి జీతం కూడా రిటర్నులో చూపించాలంది పిన్ని. నేను ఇంటికి పంపిన డబ్బు మాత్రమే, పాస్‌బుక్కులో పడ్డ రూపాయల ప్రకారం రాసిచ్చాను. పిన్ని కళ్ళజోడు తీసి నా వంక చూసింది.

"ఏటిరా ఇది? నువ్వక్కడ తిన్న తిండి, తాగిన బీరు జీతంలోవి కావా? మొత్తం డాలర్లు సెప్పు. ఏ నెల జీతానికి ఆ ముందు నెల ఆఖరి రోజు రేటు కట్టాల. నీ పెళ్ళాం బేంకుకెళ్ళిన రోజు రేటు కాదు."

"ఇంటికి రాని డబ్బుకి పన్నేంటి పిన్నీ?" అని ఎగిరాను. కాగితాలు లాక్కుని, బస్టాండు దగ్గర ఒక ఏజెంటు చేత నా లెక్కే నింపించాను. వాడు ఒక్క ప్రశ్న అడగలేదు. ఫీజు జేబులో వేసుకుని నవ్వాడు, దొంగ వెధవ.

ఇన్‌కంటాక్సు వాళ్ళ నోటీసు రానే వచ్చింది. పదిహేను రోజుల్లో జవాబివ్వకపోతే జరిమానా. కూతురి కాలేజీకి దాచిన డబ్బంతా దానికే పోతుందని మా ఆవిడ ఏడుపు. సిగ్గు చంపుకుని పిన్ని గుమ్మం ఎక్కాను. "వచ్చావా దొరా" అంది, అంతే. టీ పెట్టింది. టీ తాగకుండా లెక్క మొదలుపెట్టే మనిషి కాదు.

అప్పటికే కడుపునొప్పితో సగమైంది. నా దగ్గర రెండు నెలల జీతం స్లిప్పులు లేవు. అవి అక్కడినుంచి తెప్పించేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. పిన్ని ఒక చేత్తో కడుపు పట్టుకుని ఇంకో చేత్తో రాసేది.

"విశాఖ వెళ్ళి చూపించుకో పిన్నీ."

"డాక్టరు వచ్చే నెల రమ్మన్నాడులే. నోరు మూసుకుని అంకె సదువు."

నమ్మాను. నమ్మితే నా పని జరుగుతుంది, అందుకని నమ్మాను.

జవాబు గడువులోనే వెళ్ళింది. తక్కువపడ్డ పన్ను మాత్రం కట్టించుకుని నోటీసు కొట్టేశారు. మూడు వారాలకు పిన్ని పోయింది.

పెద్దకర్మ నాడు పిన్ని కూతురు నన్ను పక్కకి పిలిచి విశాఖ ఆసుపత్రి చీటీ చేతిలో పెట్టింది. "అన్నయ్యా, ఇది నీ గురించేనా?" అంది. ఆపరేషనుకు రమ్మన్న తేదీ, నేను నోటీసు పట్టుకుని వెళ్ళిన వారంలోదే. దాన్ని కొట్టేసి పక్కన పిన్ని రాసుకుంది: "పిల్లోడి జవాబు అయినాక."

ఎవడు చెయ్యమన్నాడు పిన్నీ నిన్ను? నాకు యాభై దాటాయి. పిల్లోడినట!

"తిట్టు తల్లీ, నాలుగు తిట్టు" అన్నాను. ఆ అమ్మాయి చీటీ నా చేతిలోంచి తీసుకుని, మడిచి, కొంగున కట్టుకుని వడ్డనకి వెళ్ళిపోయింది.