సకినం చుట్టి నెత్తిన టిక్కు

మొన్న ఎల్బీ నగర్‌లో మా కొడుకు ఇంట్లో, మనవరాలు సోఫాలో కూర్చుని టాబ్ మీద వేలితో 'అ ఆ'లు దిద్దుతుంటే, పాత అలవాటు ఊరుకోనిస్తుందా, వెనక నుంచి వంగి దాని చేతి మీద నా చెయ్యి వేశాను. వేసీ వేయగానే అక్షరం ఉబ్బిపోయి, పక్కకు జారి, తెర మీద నుంచే మాయమైంది. "ఏంది నానమ్మా, నువ్వు ముట్టకు! గది ఒక్క ఏలుతోనే రాయాలె," అని అది నా చేతిని పక్కకు నెట్టేసింది. నేను చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకున్నాను. అప్పటి నుంచి మనసంతా నేను ఒకప్పుడు పనిచేసిన పాత బడి చుట్టే తిరుగుతున్నది. నాకు పేరు తప్ప రాయడం రాదు కాబట్టి, నేను చెప్తుంటే మా కోడలు రాస్తున్నది.

మాది బాలాపూర్ అవతల చిన్న ఊరు. నా పెనిమిటి పోయినాక, చంకలో కొడుకును వేసుకుని పట్నం వచ్చి, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు వెనక గల్లీలో ఒక చిన్న బడిలో ఆయమ్మగా కుదిరాను. బడి అంటే కిరాయి ఇంట్లో రెండు గదులు, ఒక వరండా, అంతే. గుంటూరు వైపు నుంచి వచ్చిన టీచరమ్మ ఒక్కతే అందరికీ చదువు చెప్పేది. ఊడవడం, పిల్లల ముక్కులు తుడవడం, బలపాలు తినే వాళ్ల నోట్లో వేలు పెట్టి ముక్కలు బయటికి తీయడం నా పని. మన కాలంలో బలపం తినని పిల్లలెవరు, మీరూ తినే ఉంటారు.

అంతమంది చేతులు టీచరమ్మ ఒక్కతే పట్టలేక, పలకల మీద అక్షరాలు పెద్దగా రాసిచ్చి, వాటి మీద దిద్దించే పని నాకు అప్పగించింది. ఆమె చెయ్యి ఎటు తిరుగుతుందో చూసి, పిల్లల వెనక కూర్చుని, వాళ్ల పిడికిలిని నా పిడికిట్లో పెట్టుకుని అటే తిప్పేదాన్ని. నాకు అక్షరం పేరు గుర్తుండేది కాదు గానీ తిరుగుడు గుర్తుండేది. అందుకని నాకు తెలిసిన పేర్లే పెట్టుకున్నాను. 'ఇ' అంటే జిలేబీ. 'ర' అంటే సంక్రాంతికి బియ్యప్పిండితో చుట్టినట్టు గుండ్రంగా సకినం చుట్టి నెత్తిన టిక్కు పెట్టడం. పిల్లలు నవ్వుకుంటూ దిద్దేవాళ్లు, ఆ లేత చేతుల చెమట, బలపం పొడి కలిసి నా అరచెయ్యి ఎప్పుడూ తెల్లగా ఉండేది. ఇంట్లో దుఃఖం ఇంట్లోనే ఉండేది, అక్కడ కూర్చున్నంతసేపు నాకది గుర్తుకే వచ్చేది కాదు.

అట్లా నడుస్తుండగా ఒక ఆడపిల్ల ఇంటికి పోయి, ఈరోజు ఏం నేర్చుకున్నావే అని తల్లి అడిగితే, 'ర' చూపించి సకినం అని చెప్పిందట. తెల్లారి ఆ తల్లి పిల్లను రెక్క పట్టుకుని గేటు దాటి వచ్చింది. "ఏంది టీచరమ్మా, మేం ఫీజు కట్టేది సకినాలు నేర్పనీకేనా? గీ ఆయమ్మకు అసలు అచ్చరాలు వస్తయా? ఏదీ, బోర్డు మీద ఒక్క 'ర' రాయమను, సూస్త!" పిల్లలను దింపడానికి వచ్చిన మిగతా తల్లులు కూడా పోకుండా నిలబడ్డారు. రాయలేకపోతే ఇక చీపురే తప్ప పలక నా చేతికి రాదని నాకు అర్థమైంది. ఊడిచే పని ఎక్కడైనా దొరుకుతుంది, ఆ చేతులు ఎక్కడ దొరుకుతాయి?

సుద్దముక్క పట్టుకుని బోర్డు ముందు నిలబడ్డాను. రోజూ తిప్పే తిరుగుడే, అయినా చెయ్యి కదల్లేదు. గుప్పిట్లో చిన్న పిడికిలి లేకుండా ఎప్పుడూ రాసింది లేదు కదా, ఖాళీ చేతికి దారి తెలియలేదు. "సూసిన్రా, నేనన్లే?" అన్నది ఆ తల్లి. నా చెవులు మండిపోయాయి.

అప్పుడు ఆ పిల్ల తల్లి చెయ్యి విడిపించుకుని, ఏమీ ఎరగనట్టు వచ్చి, నాకు వీపు పెట్టి బోర్డు ముందు నిలబడి, చెయ్యి పైకెత్తింది. రోజూ చేసేదే కదా, దానికి అంతకంటే ఏం తెలుసు? సుద్దముక్క దాని వేళ్ల మధ్య పెట్టి, ఆ చేతిని పట్టుకున్నాను. 'ర' గుండ్రంగా, నెత్తిన టిక్కుతో సహా వచ్చేసింది.

టీచరమ్మ మెల్లగా అన్నది, "ఆవిడకి రాయడం రాదండీ, రాయించడం వచ్చు. మా పిల్లలకి కావాల్సింది అదే." ఆ తల్లి కాసేపు బోర్డును, కాసేపు బిడ్డను చూసి, "సరే తియ్. జర సకినం అని మాత్రం చెప్పకు, ఇంటికొచ్చి అవే కావాలని పానం తీస్తున్నది," అన్నది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం పిల్లలు పోయాక టీచరమ్మ పలక నా ముందు పెట్టి, నా వెనక కూర్చుని, నా చేతిని తన చేతిలోకి తీసుకుని నా పేరు రాయించింది. పెనిమిటి పోయినాక నా చెయ్యి పట్టుకున్న మనిషి ఆమె ఒక్కతే. పేరు పూర్తయ్యేసరికి కళ్లనీళ్లు పలక మీద పడి సగం చెరిగిపోతే, పలక తుడిచి మళ్లీ రాయించింది.

ఇప్పుడు ఆ గల్లీలో బడి లేదు, ఏదో కోచింగ్ హాస్టల్ కట్టారు. మా మనవరాలు నా బడి పిల్లలకంటే తొందరగానే అక్షరాలు నేర్చుకుంటున్నది, తప్పు పోతే ఆ తెరే చెప్తుంది, బాగా రాస్తే చప్పట్లు కూడా అదే కొడుతుంది. కాదనను, మంచిదే. కానీ మన తరం వాళ్ల చేతిరాతలో ఎక్కడో ఒక చోట అమ్మదో, నాయినదో, నాలాంటి ఆయమ్మదో చెయ్యి ఉంటుంది. వీళ్ల రాతలో ఎవరి చెయ్యి ఉంటుందో మరి.

ఇప్పటికీ ఖాళీగా కూర్చున్నప్పుడు నా కుడి గుప్పిట పూర్తిగా మూసుకోదు. లోపల ఒక చిన్న పిడికిలి పట్టేంత చోటు వదిలే మూసుకుంటుంది.