ఎదురుగా ఉన్న చేను

నా చిన్నప్పుడు దారి తప్పితే మనుషులను అడిగేవాళ్ళం. తెలియకపోయినా మర్యాదకి ఏదో ఒక దారి చెప్పేవారు. ఇప్పుడు ఫోన్‌లో ఒక అమ్మాయి చెబుతుంది. పటాన్‌చెరు దాటితే చాలు, యూటర్న్ తీసుకోమని ఒకటే పోరు. నేను తీసుకోను. అందువల్ల మా ఆవిడా నేనూ పెళ్ళిళ్ళకి భోజనాలయ్యాక చేరుతుంటాం. మొండితనం కాదు, నాకు నేర్పిన చదువే అలాంటిది.

మా చిన్నత్త, అంటే మా నాన్న చెల్లెలు, విమానం నడపడం నేర్చుకునేది. మా తాతయ్య కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి పటాన్‌చెరులో స్థిరపడ్డ మనిషి. ఆ ఇంట్లో అంతవరకు స్టూలు కంటే ఎత్తు ఎక్కినవాళ్ళు లేరు. చిన్నత్త కెమిస్ట్రీలో బీఎస్సీ పాసై, స్కాలర్‌షిప్పు సంపాదించి, బస్సులో నగరానికి వెళ్ళి, ఇద్దరు పట్టే చిన్న విమానంలో గురువుగారి పక్కన కూర్చుని ఎగిరి, మళ్ళీ బస్సులో నిలబడి ఇంటికొచ్చేది.

"పెళ్ళివారొస్తే ఏం చెప్పను? అమ్మాయి పైనుంది, దిగాక కబురు పెడతామనా?" అని మా నానమ్మ బెంగ.

ఇంటి దగ్గర సాధనకి వరండాలో రెండు కుర్చీలు వేసుకునేది. కళ్ళు మూసుకుని, చేతిలో పప్పుగుత్తి నిలబెట్టి పట్టుకుని, విమానంలో చేసే పనులన్నీ వరసగా చేసేది. పక్క కుర్చీ నాది. ఒకరోజు పప్పుగుత్తి నాకిచ్చి, "ఇప్పుడే నేల వదిలావు. ఇంజన్ ఆగిపోయింది. ఏం చేస్తావు?" అంది.

"వెనక్కి తిరిగొచ్చి దిగుతా."

"చచ్చావు," అంది ప్రేమగా. అంత కిందుగా ఉండి తిరగబోతే వేగం పోయి రాయిలా పడతామట. వెనక ఎంత మంచి రన్‌వే ఉన్నా దాన్ని మరిచిపోయి, ఎదురుగా ఏ చేనుంటే అందులో దింపాలట. ఆ వేసవిలో నేను చాలాసార్లు చచ్చి, చివరికి నేర్చుకున్నాను.

గురువుగారు పక్కన లేకుండా ఒంటరిగా ఎగరాలంటే ముందు డాక్టరు పరీక్ష నెగ్గాలి. అది కాగానే విమానం చూపిస్తానని చిన్నత్త నన్నూ వెంట తీసుకెళ్ళింది. విమానం చూడలేదు. గుండె చప్పుడులో ఏదో తేడా ఉంది, పనికిరాదన్నాడు డాక్టరు. గేటు దగ్గర అటెండరు మా మొహాలు చూసి, "పరేషాన్ గాకు బిడ్డా. పైన పెద్ద డాక్టర్లుంటరు, ఇంకోసారి సూపిచ్చుకోవచ్చు. గిట్లొచ్చి మస్తుమంది పాసయిండ్రు," అన్నాడు. చిన్నత్త తల ఊపింది.

బస్సులో నేనే అడిగాను. "అత్తా, ఆయన చెప్పినట్టు మళ్ళీ వెళ్దామా?"

"ఇంజన్ ఆగిందిరా. ఎదురుగా ఏముందో చెప్పు."

బస్సు పటాన్‌చెరులోకి వస్తోంది. కనిపించిందే చెప్పాను: మందుల ఫ్యాక్టరీ, దాని పొగగొట్టం.

"అయితే అందులోనే," అంది.

వేళాకోళం అనుకున్నాను. ఆ ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం ఖాళీగా ఉందని పక్కింటాయన ఎప్పటినుంచో చెబుతున్నాడు. మరుసటి నెలలో చేరిపోయింది. రిటైరయ్యేదాకా మాత్రలు నీళ్ళలో వేసి, అవి ఎంతసేపటికి కరుగుతాయో చూస్తూ గడిపింది. పనికిరాని ఆ గుండె షిఫ్టులనీ, రసాయనాల వాసననీ, ఇద్దరు పిల్లలనీ భరించి, డెబ్బై దాటాక కూడా రెండంతస్తుల మెట్లు ఆగకుండా ఎక్కుతోంది. డాక్టరు విన్నది ఎవరి గుండో మరి.

ఆ బస్సులో ఆవిడ ఏడవలేదు. అంత నిబ్బరంగా దిగిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఈ వయసుదాకా నాతో ఉన్నది అదే. ఇంజనీరింగ్ సీటు రాకపోతే మళ్ళీ పరీక్ష రాయకుండా బీకాంలో దిగాను. ఒకసారి కాదన్న అమ్మాయిని రెండోసారి అడగలేదు. అడుగుతానేమోనని ఆమె కొన్నాళ్ళు చూసిందని తరవాత తెలిసింది. బొల్లారంలో నేను చేరిన కంపెనీలు వరసగా మూతపడ్డాయి. మూతపడ్డప్పుడల్లా పక్క గేటులోకి నడిచాను, నడిచినప్పుడల్లా జీతం కాస్త తేలికైంది.

పోయిన నెల ఇప్పటి కంపెనీ కూడా తాళం వేసింది. చిన్నత్త ఇంటికెళ్ళి ధైర్యంగానే చెప్పాను: గేటు తెరిపించాలని కోర్టుకెక్కిన వాళ్ళలో నేను చేరలేదు, ఎదురుగా ఉన్న గోడౌన్‌కి కాపలా పని ఒప్పుకున్నాను, అంతా నువ్వు నేర్పినట్టే, అని. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆవిడ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"తగినంత ఎత్తుంటే వెనక్కి తిరగొచ్చురా," అంది తలెత్తకుండా. "ఆ ముక్క నీకు చెప్పలేదు. నాకు ఆరోజు బోలెడంత ఎత్తుండేది."