వాళ్ల కంటే మనమే నయమట

కరాచీ జైలు నుంచి మా ఆయన తిరిగొచ్చిన వారానికి ఊళ్లో సన్మానం పెట్టారు. తుఫాను షెల్టరులో కుర్చీలు వేసి, మైకు కట్టి, శ్రీకాకుళం నుంచి ఒక పెద్దమనిషిని పిలిపించారు. ఆయన మావారికి శాలువా కప్పి, ఫొటోకి నవ్వి, ఆ తర్వాత మా సంగతే మరిచిపోయి పాకిస్తాన్ మీద పడ్డాడు. వాళ్లకు గోధుమపిండి లేదట, కరెంటు లేదట, ఇంకో పదేళ్లకు దేశమే మిగలదట. మనకేమో రాకెట్లు, హైవేలు, ఫోన్లో పేమెంట్లు. మాటమాటకీ చప్పట్లు.

నాకు రోత పుట్టింది. మా ఆయన అక్కడికేమైనా యుద్ధానికి వెళ్లాడా? మా తీరంలో పెద్ద బోటు ఆగడానికి జెట్టీ లేదు. అందుకే మా మగాళ్లు రైలెక్కి గుజరాత్ పోయి, అక్కడి ఓనర్ల బోట్లలో చేపల వేట చేస్తారు. నీళ్ల మీద హద్దు కనబడదు కదా, తెలియక దాటితే మా ఆయన్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు. ఆయన లేనన్నాళ్లూ నేను నరసన్నపేటలో ఎండుచేపలు అమ్మి బతికాను. గంప దించిన ప్రతిచోటా ఇదే సొల్లు. వాళ్ల పని అయిపోయింది, మనం దూసుకుపోతున్నాం అని. దూసుకుపోయేవాళ్లు నా గంప ముందు గొంతుక్కూర్చుని గీచి గీచి బేరమాడేవాళ్లు. ఈసారి ఏమైనా సరే ఆయన్ని గుజరాత్ పంపకూడదని మాత్రం నేను గట్టిగా అనుకున్నాను.

పెద్దమనిషి మైకు మా ఆయన నోటి దగ్గర పెట్టాడు. "నువ్వు కళ్లారా చూశావు. అక్కడ జనం తిండికి మాడిపోతున్నారా లేదా? చెప్పు."

మా ఆయన మైకు వైపు వంగాడు. "నానేటి సూసినాను బాబూ, జైలు గోడ సూసినాను. రొట్టెలు పెట్టీవోళ్లు. అక్కడ కాపలావోడూ ఇలాగే అడిగినాడు. మీ దేశం అంత గొప్పదైతే మీ ఊరి కాడ వేట లేదేటి, ఇంత దూరం ఎందుకొచ్చినావని."

షెల్టరులో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. నేను లేచాను. "ఆ కాపలావోడికి ఏటి సెప్పాలో మీరే సెప్పండి బాబూ. మాకు జెట్టీ ఎప్పుడు కడతారు?"

"ఈరోజు విషయం అది కాదమ్మా" అని పెద్దమనిషి మైకు లాక్కున్నాడు. మళ్లీ రాకెట్ల దగ్గరికే పోయాడు. వెనకనుంచి ఎవరో నా కొంగు లాగి "ఊరుకోయే, పరువు తీస్తన్నావు" అన్నారు. ఎవరి పరువో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

మర్నాటికి సన్మానం వీడియో అందరి ఫోన్లలోకీ వచ్చింది. శాలువా ఉంది, చప్పట్లున్నాయి. కాపలావాడి మాటా లేదు, నా మాటా లేదు. ఛీ అనిపించింది.

నెల తిరగకుండానే ఆయన సంచి దులిపాడు.

"మల్లీ ఎల్తావా మావా?"

"ఎల్లక ఏటి సేస్తానే? ఇక్కడ కూకుంటే ఏటి తింటాం?"

"మల్లీ పట్టుకుపోతే?"

ఆయన దండెం మీదున్న శాలువా వైపు చెయ్యి చూపించాడు. "అదిలా ఇయ్యి. బోటు మీద సలికి పనికొస్తాది."

నేను మడతపెట్టి సంచిలో పెట్టాను.