యూసుఫ్ మిస్త్రీ కట్టని తీగలు

నా నోరు మూసుకుని ఒక మనిషి మంచిపేరు పోగొట్టాను. పంతొమ్మిది వందల అరవై మూడు జూలై నుంచి ఆ బరువు మోస్తున్నాను. ఇది చదువుతున్న మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. తేదీ తప్పినా లెక్క తప్పినా ఊరుకోని మనిషినని నాకు పేరు. ఇంట్లో ఎవరి పొరపాటైనా ఇట్టే పట్టేదాన్ని. నాది మాత్రం ఇన్నేళ్లూ దాచుకున్నాను.

మాకు కరీంనగర్‌లో మోటరు రిపేరు షెడ్డు ఉండేది. మా ఇల్లు దాని వెనకే. షెడ్డు మా ఆయనది, పనితనం యూసుఫ్ మిస్త్రీది. వినయం లేని మనిషి. తన పని తానే మెచ్చుకునేవాడు, వినేవాళ్లు లేకపోతే ఇంజనుకే చెప్పుకునేవాడు. అయినా ఎవరికీ కోపం వచ్చేది కాదు, ఎందుకంటే చెప్పినంతా చేసేవాడు. లారీ వీధి మలుపు తిరగకముందే చప్పుడు విని, దానికి ఏ రోగమో చెప్పేవాడు. అంత శ్రద్ధగా వినే మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ ఏడు ఒక వకీలు, గనుల దొర వదిలిపోయిన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కొని తెచ్చాడు. దాన్ని ఇంకా వేగంగా పోయేట్టు చేయమన్నాడు. యూసుఫ్ ఎండాకాలమంతా దాని మీదే కూర్చున్నాడు. ఒక కార్బురేటర్ ఉన్నచోట రెండు పెట్టాడు. ఇంజను తల విప్పి, అరగదీసి, లోపల గాలి నొక్కుకునే బిగువు పెంచాడు. మొదటిసారి స్టార్ట్ చేసిన రోజు షెడ్డు రేకులు అదిరాయి. ఆయన మొహం చూశాను. కొత్తగా పుట్టిన బిడ్డను ఎత్తుకున్నవాడి మొహం అది.

వకీలు వచ్చి కారు తీసుకుపోవాల్సింది ఒక శుక్రవారం. యూసుఫ్ నమాజుకు పోయాడు, మా ఆయన బజారుకు పోయాడు. షెడ్డు ఊడవడానికి వెళ్లిన నాకు తెరిచిన బానెట్ కింద నాలుగు తీగలు కనిపించాయి. ఇంజనులో నిప్పు పుట్టించే ప్లగ్గులకు పోయే తీగలు. ఎటువి అటు వేలాడుతున్నాయి.

నేను సిరిసిల్ల సాలోళ్ల పిల్లను. మగ్గం దిగేముందు వేలాడే పోగులను దగ్గరికి చేర్చి కట్టాలి, లేకపోతే చిక్కు పడతాయి. మా అవ్వ చిన్నప్పుడే నేర్పిన పని అది, తప్పితే చెయ్యి మీద దెబ్బ పడేది. ఇంత అందమైన బండికి ఆ వేలాడే తీగలేమిటనుకున్నాను. తుడిచి, పక్కపక్కన చేర్చి, గంజి పట్టిన నూలుతో మూడుచోట్ల బిగించి కట్టాను. కొసలు కత్తిరించాను. ఎంత చక్కగా ఉందో అనుకున్నాను. ఇప్పటికీ దాచకుండా చెప్తున్నాను, చక్కగానే ఉంది.

యూసుఫ్ వచ్చి చూసి, మంచిగ కట్టిండ్రని తలూపాడు. మా ఆయన కట్టాడనుకున్నాడు. మా ఆయన, యూసుఫ్ కట్టాడనుకున్నాడు. నేనే కట్టానని చెప్పుకోవడానికి ఆ రోజు సిగ్గుపడ్డాను. ఆ సిగ్గులో తప్పేమీ లేదు. తప్పు తరువాత వచ్చింది.

మరుసటి వారం వాన పడింది. మానేరు గట్టు ఎక్కుతుంటే కారు మిస్ కొడుతోందని వకీలు తిరిగొచ్చాడు. ఊపిరి అందని మనిషిలా ఒక అడుగు తప్పి నడుస్తోంది. రెండు కార్బురేటర్లు పెట్టినందుకే ఇలా అయిందన్నాడు. యూసుఫ్ ఒప్పుకోలేదు. ప్లగ్గులు మార్చాడు. కార్బురేటర్లు రెండూ విప్పి కడిగాడు. ఇంజను నుంచి పొగ బయటికొచ్చే గొట్టాల మీద ఒక్కొక్కదానిపై నీటిచుక్క వేసి చూశాడు. ఏది చల్లగా ఉంటే ఆ భాగం మండనట్టు. షెడ్డులో నాలుగూ సుయ్యిమన్నాయి. గట్టెక్కితే మళ్లీ అదే మిస్సు. అన్నం తినేటప్పుడు కూడా వేళ్లతో ఆ తప్పిన తాళమే పళ్లెం మీద కొట్టేవాడు.

చివరికి ఒక మిట్టమధ్యాహ్నం మా గొంగడి అడిగి తీసుకున్నాడు. ఇంజన్ మీద నీళ్లు చిలకరించి, మా ఆయనను గట్టిగా రేసు ఇవ్వమని, గొంగడి కప్పుకుని ఆ చీకట్లో తల దూర్చాడు. వకీలు నవ్వాడు. యూసుఫ్ లోపలినుంచే పిలిచాడు. వకీలూ తల దూర్చాడు. బయటికొచ్చాక అతను నవ్వలేదు. పక్కపక్కన కట్టిన తీగల మధ్య నీలి మెరుపు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతోందట. లారీకైతే ఏమీ కాకపోయేదట. బిగువు పెంచిన ఈ ఇంజనుకు నిప్పు ఎక్కువ కావాలి. దగ్గరగా ఉంటే, తడి గంజినూలు తోడైతే, ఒకదాని నిప్పు ఇంకొకటి ఎత్తుకుపోతుంది.

"నలుగురు తోటికోడళ్లను ఒక్క తాడుకు కట్టిండ్రు సాబ్, ఇగ కొట్లాడక ఏంజేస్తరు," అన్నాడు యూసుఫ్. ఆనందం పట్టలేకపోతున్నాడు.

"ఎవరు కట్టిండ్రు మరి?" అన్నాడు వకీలు.

మా ఆయన యూసుఫ్ వైపు చూశాడు. యూసుఫ్ తీగల మీది నూలు కత్తిరించి, వేళ్ల మధ్య తిప్పి, ముడి చూశాడు. తరువాత గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. ఒక్క క్షణమే.

"నేనే కట్టిన. నా తప్పే," అన్నాడు.

ఆ మనిషి నోట ఆ మాట అంతకుముందు ఎన్నడూ వినలేదు. అప్పుడైనా నేను ఒక అడుగు ముందుకు వేయాల్సింది. ఎందుకు వేయలేదు? మా ఆయన నెమ్మదస్తుడు, కొట్టేవాడు కాదు, తిట్టేవాడు కాదు. భయమని చెబితే అబద్ధం. అందరి తప్పులూ ఎంచే నేను, నలుగురి ముందు తప్పు చేసినదానిగా నిలబడలేకపోయాను. అంతే.

సాయంత్రం చాయ్ ఇచ్చినప్పుడు యూసుఫ్ మెల్లగా అన్నాడు: "గా ముడి మా చేతులకు రాదు భాభీ. మస్తుగ కట్టిండ్రు. గీ ఇంజన్‌కే ఓర్పు లేదు."

సాయం చేసినవాడే ఒప్పుకునే దారి కూడా చూపించాడు. నేను ఏమన్నానో రాస్తాను.

"ఏ ముడి, యూసుఫ్ భాయ్?" అన్నాను.

ఆయన నవ్వి చాయ్ తాగాడు. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

తీగలు విడదీశాక కారు గట్టెక్కి బాణంలా పోయింది. అయినా వకీలుకు గురి కుదరలేదు. తీగలే సరిగ్గా కట్టనివాడు ఇంజను ఏం సరిచేస్తాడని, హైదరాబాద్ పంపి రెండో కార్బురేటర్ తీయించేశాడు. బస్టాండులో డ్రైవర్లు యూసుఫ్‌కు తాడు మిస్త్రీ అని పేరు పెట్టారు. మా షెడ్డు ముందే అలా పిలిచేవారు. నేను లోపల పప్పు ఏరుతూ వినేదాన్ని. ఏడాది తిరక్కుండానే ఆయన మందమర్రి పోయాడు, లారీల పనికి. మళ్లీ ఏ ఇంజనునూ మార్చలేదని విన్నాను.

అరవై ఏడులో చెబుదామనే బస్సెక్కి పోయాను. లారీ కిందినుంచి వచ్చి, భాభీ బాగున్నరా అన్నాడు. పిల్లల గురించి అడిగాడు. నేనూ అడిగాను. బస్సు వేళయింది, వచ్చేశాను. ఆయన చనిపోయాడని తరువాత తెలిసింది.

మీరు నన్ను మన్నించనక్కర్లేదు. ఆ హక్కు ఒక్కరికే ఉండేది, ఆయన లేడు. నేను ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా చెప్పని మాట ఇది: ఆ తీగలు కట్టింది నేను. యూసుఫ్ పనిలో తప్పు లేదు. ఆ ఇంజనులో ఆయన చేసినదంతా సరిగ్గానే ఉంది.