ఫౌజీ హుకుం

బొంబాయిల మా చాల్‌ల, అంటే ఒంటర్ర ఖోలీల బంగ్లల, ఇద్దరు ముసలోళ్లుండిరి. ఇద్దరూ ఒకప్పుడు దళాలు నడిపినోళ్లే. నైజాం మీద, దొరల మీద తుపాకి వట్టి కొట్లాడిన్రు. ఆ కొట్లాట ఒడిసినంక ఊర్లె బతకలేక బొంబాయికొచ్చి, కామాటిపురల ఎదురెదురు ఖోలీలల్ల వడ్డరు. ముప్పై ఏండ్ల పైన కట్టడాల మీద ఇటుకలు మోసిన్రు గని, ఒకరి మొకం ఒకరు సూస్కోలె.

ఒకాయన నైజాం ఫౌజుల కొలువు ఇడిచిపెట్టి దళంల కలిసినోడు. ఆయనను ఫౌజీ అందుము. మందిని వరుసల నిలవెట్టుడు, ఉర్దూల హుకుం ఇచ్చుడు, ఒక్కపారే మీదవడుడు, గదే ఆయన తీరు. ఇంకొకాయన గొర్లు గాసినోడు. నోరిప్పకుంట ఈల తోటే మందిని నడిపించెటోడట, పొద్దంత పొదల పండుకుంటడు గని తొందరవడడట. మా నల్ల కాడ గూడ గంతే. ఫౌజీ "లైన్, లైన్!" అని అరుస్తుంటే గొర్లాయన సప్పుడుజేయకుంట బిందె నింపుకొని పోతుండె. మాకది నవ్వులాట. మా అమ్మకు కాదు.

అమ్మ తమ్ముడు, అంటే మా మేనమామ, ఆ గొర్లాయన దళంల ఉండె. ఒక దినం రెండు దళాలు కలిసి దొర గడి మీదికి పోయినయి. ఆ దినం హుకుం ఫౌజీది. అందరు ఉరికిన్రట, మా మామ మాత్రం గడి ముంగట బయలుల నిలవడ్డడు. ఆడ్నే తూటా తాకి పాణం పోయింది. "బెదిరిండు, కట్టె లెక్క నిలవడ్డడు" అంటడు ఫౌజీ. "నా పోరగాండ్లు బెదరరు" అంటడు గొర్లాయన. నడుమ నలిగింది మా అమ్మ. ఏటా పెత్రమాసకు సచ్చిపోయిన అవ్వ పేర, నాయిన పేర బియ్యం ఇచ్చేది, తమ్ముని పేర ఇయ్యకపోయేది.

"వాడు పిరికోడై సచ్చిండో, మొగోడై సచ్చిండో ఈ ఇద్దరు తెల్వనియ్యరు. ఏమని తలుసుకోవాలె?" అనేది.

"ఎట్ల సస్తే ఏంది, నీ తమ్ముడే గదనే!" అని గయ్యిమంటుంటి. నా నోరు అప్పుడు గూడ మంచిది గాదు.

ఎనభైలల్ల ఒక వానకాలం నాలుగు దినాలు ఇడువకుంట వాన కొట్టింది. పై అంతస్తు ఖోలీల ముంగటి గ్యాలరీ కట్టెలు నాని నడుమ కుంగినయి. పొద్దుగాల కిర్రుమని సప్పుడైంది. "ఒక్కొక్కలే, మెల్లగ దింపుదాం" అన్నడు గొర్లాయన. "మెల్లగంటే కూలుతది, అందరు ఒక్కపారే రావాలె!" అని ఫౌజీ వాకిట్ల నిలవడి అరిసిండు. పాణాల మీదికొచ్చినా వీళ్ల పంచాయితీ ఒడువదా అని నాకు ఒళ్లు మండింది. సగం మంది ఆయన మాట, సగం మంది ఈయన మాట వట్టుకొని ఎట్లనో దిగినం.

ఆఖరికి ఒక్క పిల్ల మిగిలింది. మొన్ననే పాలమూరు దిక్కెంచి మొగని కాడికొచ్చింది, హిందీ ముక్క రాదు. నెత్తిన మూటతోటి గ్యాలరీ మీద వస్తుంటే కట్టె ఫట్టుమన్నది.

"ఆగే! ఆగే!" ఫౌజీ గొంతు చించుకున్నడు.

ఆ పిల్ల నిలవడ్డది. సరిగ్గ కుంగిన కాడ్నే.

ఆయన ఎంత అరిస్తే అంత బిగుసుకపోయింది. మెట్ల మీదున్న గొర్లాయన "ఉరుకు బిడ్డా, నా దిక్కు ఉరుకు!" అన్నడు. పిల్ల ఉరికింది. ఆయన రెక్క వట్టి గుంజిండో లేదో, ఎనక గ్యాలరీ మూటతోటి సహా కిందవడ్డది.

ఆ పిల్ల కిందికి రాంగనే నేను ఆమె మీద వడ్డ. "పిచ్చి లేసిందా నీకు? ఎందుకు నిలవడ్డవే?"

ఏడ్సుకుంట ఫౌజీ దిక్కు సూపింది. "ఆ తాతనే గదక్కా ఆగే, ఆగే అన్నడు. ఆగుమంటే ఆగిన."

ఓరి దేవుడా! ఆయన హిందీల 'ఆగే' అని ముందుకు ఉరుకుమన్నడు, ఈమె తెలుగుల ఆగుమని ఇన్నది. నాకు నవ్వొచ్చింది గని, అమ్మ మొకం జూసి నోరు మూసుకున్న. అమ్మ తడుసుకుంటనే పోయి ఫౌజీ ముంగట నిలవడ్డది.

"అన్నా, గడి కాడ ఏమని హుకుం ఇచ్చినవ్?"

ఫౌజీ ఆ పిల్ల దిక్కు, కూలిన గ్యాలరీ దిక్కు సూసిండు.

"వానికి ఉర్దూ ఒక్క ముక్క రాకపోయె," అని గొర్లాయన మెట్ల మీద కూలవడ్డడు.

"ఏమన్నవ్ అన్నా?" అమ్మ ఫౌజీని మల్ల అడిగింది.

"ఆగే అన్న చెల్లే. వాడు నా దిక్కే సూసుకుంట నిలవడ్డడు. ఇనవడలేదేమో అని... మల్ల గట్టిగ అన్న."

అమ్మ బురదల కూసొని ఏడ్సింది. "నా తమ్ముడు బెదరలే, చెప్పినట్టు ఇన్నడు" అని అదే మాట. నేను ఆమె పక్కన కూసున్న. నాకు గూడ ఏడుపు ఆగలే.

ఆ ఏడు పెత్రమాస దినం ఫౌజీ బియ్యం మూట వట్టుకొని మా గడప కాడికొచ్చిండు.

"ఆగు," అన్నది అమ్మ.

ఆయన ఆగిండు. గొర్లాయన గూడ తన ఖోలీలకెంచి వచ్చి ఆయన పక్కన నిలవడ్డడు. అమ్మ తమ్ముని పేరు నోటితోటి చెప్పి, చాటల దోసిళ్లు దోసిళ్లు బియ్యం వోసి, దండం వెట్టి, కండ్లు తుడుసుకున్నది. అప్పుడు ఎనకకు తిరిగింది.

"ఇగ రాండ్రి, ఇద్దరు."