అన్న చెయ్యి

భర్త పోయి పుట్టింటికి చేరిన నాకు అమ్మ చెరువు కింది మడి ఇచ్చింది. అంతే, అన్నకు కడుపుమంట మొదలైంది. వనపర్తిలో రాతకోతల నౌకరీ చూసుకుని వెళ్లిపోయాడు. అమ్మ మంచాన పడ్డా ఇటు తొంగిచూడలేదు. ఎత్తిందీ కడిగిందీ నేను, వీపు పుండ్లు పడకుండా పక్కలు మార్చిందీ నేను. ఆమె పలవరించింది మాత్రం కొడుకుని.

చివరికి మింగడం కూడా పోయింది. తడిగుడ్డతో పెదాలు తడపడమే మిగిలింది. ఊపిరి ఆగేది, మళ్లీ వచ్చేది. ప్రాణం దేనిమీదనో కొట్టుకుంటోందని ఆత్మకూరు నుంచి వచ్చిన చుట్టాలు నాలుకకు వెన్న రాశారు, బంగారం ఆనించారు, పొలం మట్టి తెచ్చి అరచేతిలో పెట్టారు. దేనికోసమో నాకు తెలియదా? వనపర్తికి మనిషిని పంపాను.

"మడి సంగతి తేలినంక వస్తడంట" అని తిరిగొచ్చాడతను.

వాడి నోట్లో మన్నుపడ! నా ఒళ్లు మండిపోయింది.

చుట్టాలు అన్నాలకు లేచాక మా జీతగాణ్ణి పిలిచాను. అన్న ఈడువాడే. ఏళ్లుగా మా నాగలి పట్టినా మేం గడప దాటనివ్వని మనిషి.

"లోపటికి రా. అమ్మ చెయ్యి వట్టుకో. మాట్లాడకు."

"వద్దమ్మా, పెద్దోళ్లు చూస్తే నన్ను బతకనియ్యరు."

"నేనున్న. రా."

అప్పటికే అమ్మకు చూపు ఆనడం లేదు. "అమ్మా, అన్న వచ్చిండు" అని చెవిలో చెప్పాను. జీతగాడు అందించిన చేతిని అమ్మ మెల్లగా తడిమింది.

"కాయలు కాసినయి బిడ్డా. కష్టం చేస్తున్నవా" అంది, వినీవినపడకుండా. ముఖం విప్పారింది. ఆ చెయ్యి వదలకుండానే కాసేపటికి పోయింది.

చనిపోయిందని కబురు అందితే మాత్రం మడి సంగతి తేలకుండానే తెల్లారి దిగాడు అన్న. వాకిట్లో జనాన్ని చూసి గుండెలు బాదుకున్నాడు. నా భుజం పట్టుకుని, "అమ్మ నన్ను యాది చేసిందా చెల్లే?" అని అడిగాడు.

లేదంటే సరిపోయేది. నాకది చాలలేదు. అందరి ముందూ చెబితే జీతగాడి మీదికి వస్తుందని చెవి దగ్గరికి వంగాను.

"చేసింది. జీతగాని చెయ్యి వట్టుకొని నువ్వే అనుకొని పోయింది. కాయలు తడిమి మస్తు సంబురపడ్డది, నా కొడుకు కష్టం చేస్తుండని."

ఏడుపు టక్కున ఆగింది. కలం తప్ప ఏదీ పట్టని తన చేతులు చూసుకున్నాడు. ఆ చేతులతోనే తలకొరివి పెట్టాడు. నా కసి తీరింది.